ముక్కు తలుపే జంబోను బతికించింది

తిరుపతి బస్టాండులో కొండ బస్సు కోసం ఎవరూ టైం చూసుకోరు. ఒకటి నిండి కదిలేలోపే ఇంకొకటి వచ్చి నిలబడుతుంది. అవన్నీ పొట్టి బస్సులే, ఘాట్ రోడ్డు మలుపుల్లో తిరగాలి కదా. అంత జనం కొండకు చేరుతున్నది బస్సు పెద్దదై కాదు, వెంటవెంటనే దొరకడం వల్ల. బోయింగ్ తన పాత జంబో విమానం 747కు చేసిన కొత్త రూపం 747-8 గురించి మాటొస్తే నాకు ఈ బస్టాండే గుర్తొస్తుంది.

2005 ఏప్రిల్‌లో రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 తొలిసారి ఎగిరింది. అదే ఏడాది నవంబరులో బోయింగ్ 747-8ను ప్రకటించింది. అంత పెద్ద విమానాన్ని మళ్లీ మొదట్నుంచి తయారు చేయడమంటే మాటలా? 1969లో ఎగిరిన జంబో చేతిలో ఉండనే ఉంది. దాని ముందు రూపం 747-400 కన్నా 5.6 మీటర్లు సాగదీసి, బోయింగ్‌దే మరో విమానం 787 కోసం వచ్చిన జీఈఎన్‌ఎక్స్ ఇంజిన్లను దీనికి తగ్గట్టు మార్చి పెడితే సరిపోతుందన్నది లెక్క. పాత ఇంటిమీద మిద్దె వేయించినవాళ్లను అడగండి, మేస్త్రీ మొదట చెప్పే లెక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది.

పని పెరిగింది రెక్కల దగ్గర. టేకాఫ్ బరువు దాదాపు 448 టన్నులకు చేరింది. పాత రెక్క చట్రాన్నే ఉంచి పైరూపం మార్చారు, కొసలు వెనక్కి వాల్చారు. పరీక్షల్లో రెక్కల్లో అదురు కనిపిస్తే దాన్ని అణచడానికి నియంత్రణ వ్యవస్థలో మార్పులు చేయాల్సి వచ్చింది. రెక్క కొస నుంచి కొసకు 68.4 మీటర్లయింది. విమానాశ్రయాల నిబంధనల్లో 65 మీటర్లు దాటితే ఏ380 ఉన్న తరగతిలోకే వెళ్లాలి. 747-400 హాయిగా తిరిగిన చోట కూడా దీనికి దారి సరిపోతుందా అని కొలుచుకోవాల్సిందే. ఘాట్ రోడ్డుకు పొడుగు బస్సు కొన్నట్టయింది. 2009లో ఇస్తామన్న మొదటి సరుకు విమానం 2011 అక్టోబరుకు గానీ సరుకు సంస్థ కార్గోలక్స్ చేతికి రాలేదు.

నన్నడిగితే, ప్రయాణికుల రూపం జోలికి బోయింగ్ పోకుండా ఉండాల్సింది. మొదటి ఆర్డర్లు ఇచ్చిన కార్గోలక్స్, నిప్పన్ కార్గో రెండూ సరుకు సంస్థలే. ప్రయాణికుల రూపం కొనడానికి జర్మనీ సంస్థ లుఫ్తాన్సా 2006 డిసెంబరులో గానీ ముందుకు రాలేదు. ఆ తర్వాత కొరియన్ ఎయిర్, ఎయిర్ చైనా, అంతే. మన పలమనేరు, మదనపల్లె వాళ్లు బెంగళూరులో ఫ్రాంక్‌ఫర్ట్ విమానం ఎక్కేటప్పుడు చూసిన మూపురం విమానం ఇదే. దాదాపు అంతమందినీ రెండే ఇంజిన్లతో మోసే బోయింగ్ 777 ఉండగా నాలుగు ఇంజిన్లకు ఇంధనం ఎవరు పోస్తారు? పైగా ప్రయాణికుడికి కావలసింది తన ఊరి నుంచి తనకు వీలైన వేళకు విమానం. అదీ కొండ బస్సు లెక్కే.

మొత్తం 155 విమానాల్లో 107 సరుకువే. దీనికి కారణం 1960లలోనే పడింది. రేపు ప్రయాణికులంతా ధ్వని కన్నా వేగంగా వెళ్లే విమానాలకు మళ్లుతారని అప్పట్లో అందరూ నమ్మారు. అప్పుడు జంబో సరుకైనా మోయాలని జంబో రూపకర్త జో సట్టర్ బృందం పైలట్ల గదిని పైకెత్తింది. ఆ మూపురం అందం కోసం పెట్టింది కాదు. పైలట్లు పైన కూర్చోబట్టే సరుకు రూపంలో కింద ముక్కు మొత్తం తలుపులా పైకి లేస్తుంది. పక్క గుమ్మంలోంచి దూలాన్ని ఇంట్లోకి తిప్పడానికి తంటాలు పడ్డవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. చమురు బావుల పొడుగాటి గొట్టాలను ముక్కులోంచి నేరుగా తోసేయొచ్చు. 777 సరుకు విమానానికి ఆ వీలు లేదు, పక్క తలుపే దిక్కు.

మన చిత్తూరు తోతాపురి గుజ్జుకు ఈ తలుపుతో పనిలేదు. అది డ్రమ్ముల్లో నింపుకుని ఓడల్లో పోతుంది. శ్రీసిటీ వైపు తయారయ్యే ఫోన్లు విమానమెక్కినా పక్క తలుపులో సులువుగా పట్టేస్తాయి. ముక్కు తలుపు తప్పనిసరైన సరుకు తక్కువే, కానీ ఆ తక్కువకు పక్క తలుపు చాలదు.

2023 జనవరి 31న అట్లాస్ ఎయిర్‌కు అప్పగించిన 1,574వ జంబోతో తయారీ ఆగిపోయింది. అదీ సరుకు విమానమే. ప్రయాణికులకు జంబో బదులు ఎన్నో విమానాలున్నాయి. ముక్కు తెరిచే పెద్ద సరుకు విమానాన్ని మాత్రం బోయింగ్ గానీ ఎయిర్‌బస్ గానీ ఇప్పుడు తయారు చేయడం లేదు. అందుకే సరుకు సంస్థలు ఉన్నవాటినే మరమ్మతులు చేయించుకుంటూ నడుపుతున్నాయి.