పలుగురాయికి పార్సిల్ చార్జీ

మా బావమరిది కొడుక్కి రాళ్ల మీద మనసైంది. పుట్టింది నల్లగొండలో కాబట్టి గుట్ట దాకా నడిస్తే సరిపోయేది. కానీ చదువుకున్న కుటుంబం కదా, గుట్టకు వెళ్తే పరువేం కావాలి? ఆన్‌లైన్‌లో 'బిగినర్స్ రాక్ కలెక్షన్' తెప్పించారు. 2,499 రూపాయలు, డెలివరీ ఫ్రీ.

పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఆటో జారకుండా టైరు కింద ఒక రాయి పెట్టాడు. గులాబీ ఫెల్‌స్పార్ అనే ఖనిజం, బూడిద పలుగు, మధ్యమధ్య తళుక్కుమనే నల్ల అభ్రకం. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి మన గ్రానైటు. దాన్ని దాటుకుంటూ లోపలికి పోయి అందరం డబ్బా చుట్టూ కూర్చున్నాం.

పన్నెండు గదులు, గదికో రేగుపండంత రాయి. మొదటిది 'క్రిస్టల్ క్వార్ట్జ్'. అత్తమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఇది పలుగురాయి కాదా బిడ్డా! చెలకల ఇవి ఏరీ ఏరీ మీ మామకు నడుము పడిపోయింది" అన్నది. ఆ కుప్ప ఇప్పటికీ గట్టు మీదే ఉంది. రెండోది నీలం రాయి. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ కూడా నీలమైంది. అన్నిటికీ ఒకటే చీటీ: 'పుట్టిన చోటు: ప్రకృతి'. ఏ ఊరిదో తెలియని రాయి సేకరణలో ఎందుకు, కంకరలో కలిపేయొచ్చు.

రాయిని గుర్తుపట్టడానికి డబ్బా అక్కర్లేదు. గాజును గీసేది పలుగు, గోటికి రాలేది బలపం. హుజూర్‌నగర్ వైపు దొరికే సున్నపురాయిని కాస్త గీకి నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. మోస్ అనే ఆయన 1812లో గట్టిదనానికి పది మెట్లు కట్టింది కూడా ఇట్లా ఒకదాంతో ఇంకోదాన్ని గీసి చూసే. ఖర్చు ఒక నిమ్మకాయ.

చివరి గదిలో ఊదారంగు ఫ్లోరైట్. పక్కన కాగితం: 'దగ్గరుంచుకుంటే ఎముకలకు బలం.'

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. ఈ రాయి బరువులో దాదాపు సగం ఫ్లోరినే. రాళ్లలోంచి అదే ఫ్లోరైడుగా బోరునీళ్లలోకి దిగి, మర్రిగూడ, చండూరు వైపు ఎన్ని ఇళ్లలో మనుషుల ఎముకలను వంచేసిందో మాకు తెలుసు. నీళ్లలోంచి ఫ్లోరైడును పటికతో, సున్నంతో తీసే పద్ధతికి పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఎముకలకు బలమట! ఎవడయ్యా రాసింది? సిగ్గుండాలి. నిటారుగా నిలబడలేక కర్ర పట్టుకున్న మా మనిషి ముందుకొచ్చి ఆ ముక్క చదువు, చూద్దాం.

వాపసు పంపుదామంటే, తెరిచిన రాళ్లు వెనక్కి తీసుకోరట. మర్నాడు చూస్తే రెండో గదిలో రంగురాయి లేదు. ఆటో టైరు కిందిదాన్ని పగలగొట్టి ఒక ముక్క పెట్టాడు పిల్లాడు. చీటీ మీద తారీఖు వేసి రాశాడు: 'గ్రానైటు. మా గేటు ముందు, నల్లగొండ.'