మేకపిల్ల బకాయి

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానం మీద మనం విన్న ప్రసంగాలన్నీ చిన్నకొడుకు పక్షమే. ఆస్తి పంచుకుని పోయి, అంతా తగలేసి, పందుల దగ్గర ఆకలికి మాడి తిరిగొచ్చినవాడికి ప్రశస్త వస్త్రం, ఉంగరం, చెప్పులు, పైగా క్రొవ్విన దూడ. పెద్దకొడుకు సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసి ముగింపు ప్రార్థనకి లేస్తారు. ఈ అన్యాయాన్ని సరిదిద్దాలన్న సదుద్దేశంతోనే ఈ వ్యాసం.

ఇంతకీ ఆయన అడిగిందేమిటి? ఇన్నేళ్లు సేవ చేశాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, స్నేహితులతో సంతోషపడమని ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని. దూడ కాదు, మేకపిల్ల! ఇంత నిగ్రహంతో బకాయి అడిగినవాణ్ణి ఇంకెక్కడా చూడం. విశ్వాసుల్లో చాలామందికి అసలు ఆదర్శపురుషుడు ఈయనే. పిల్లలకి పెట్టుకుందామంటే ఆయన పేరు ఉపమానంలో లేదు, అదొక్కటే ఇబ్బంది. దానికి తండ్రి ఇచ్చిన జవాబు, "నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నావన్నీ నీవే" అని. వినడానికి బాగానే ఉంది. కానీ తండ్రితో ఉండడాన్ని ఏ పద్దు కింద రాసుకోవాలి?

మన పద్ధతి స్పష్టంగా ఉంటుంది. తెల్లవారుజామున ప్రార్థన, వారానికో ఉపవాసం, పైసా తగ్గకుండా దశమభాగం. ఇదంతా ప్రేమకొద్దీ చేస్తున్నామని పైకి అంటాం, లోపల ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్క నడుస్తూనే ఉంటుంది. గడువు దాటినా ప్రమోషన్ రాకపోతే టెన్షన్. మలాకీ 3:10లో దశమభాగం విషయంలో "నన్ను శోధించండి" అని దేవుడే అన్నాడు గనుక నోటీసు పంపే హక్కు కూడా మనకుందని మన వాదన.

వచనాల ఎంపికలోనూ మన జాగ్రత్త మనది. ద్వితీయోపదేశకాండం 28లో మొదటి 14 వచనాలు దీవెనలు. అవి గోడకెక్కాయి. 15 నుంచి 68 దాకా శాపాలు. వాటికి గోడ చాల్లేదు. యిర్మీయా 29:11లోని "సమాధానకరమైన ఉద్దేశములు" కూడా గోడమీదే ఉంటాయి. దానికి ముందు వచనంలో మాత్రం బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా పంపిన ఉత్తరం. దాన్ని అందుకున్న పెద్దల్లో ఎంతమంది అది నెరవేరేదాకా బతికారో మనం ఆరా తీయలేదు. మనకి ఈ ఆర్థిక సంవత్సరమే ముఖ్యం.

ఇక విధేయత నాణ్యత సంగతి. సౌలు రాజు "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అని చెబుతుండగానే వెనక గొర్రెలు అరిచాయి. హతం చేయాల్సిన మందలో మంచివాటిని మిగుల్చుకుని, ప్రవక్త సమూయేలు నిలదీస్తే బలికోసం అన్నాడు. ఆ విషయంలో మనం అదృష్టవంతులం. దాచిన ఆదాయం, ఎగ్గొట్టిన పన్ను, పనివాళ్లకి ఆపిన జీతం, ఇవేవీ అరవవు. అందులోంచి కొంత తీసి కానుక వేస్తే సమూయేలు కూడా అడగడు.

చిక్కల్లా నిజంగా విధేయత చూపినవాళ్ల పాత రికార్డులతోనే. యిర్మీయా చెప్పమన్నది చెప్పాడు, బురద గోతిలోకి దించారు. పౌలు లెక్క రెండో కొరింథీయుల పత్రికలో ఆయనే రాసిచ్చాడు: ఒకటి తక్కువ నలభై దెబ్బలు 5 సార్లు, బెత్తాలతో 3 సార్లు, ఓడ పగలడం 3 సార్లు, ఒకసారి రాళ్ల దెబ్బలు. ఈయన మన సాక్ష్యాల కూడికలో మైకు పట్టుకుంటే రెండో ఓడ మునిగేలోపే ఎవరో ఒకరు చెవిలో, "బ్రదర్, ఇల్లు కట్టుకున్నదో, వీసా వచ్చినదో ఏమన్నా ఉంటే చెప్పండి" అని ఉండేవారు.

వీటన్నిటికంటే ఇబ్బందికరమైన పేజీ ఫిలిప్పీయుల పత్రిక 2:8. మరణం దాకా, అదీ సిలువ మరణం దాకా విధేయత చూపినవాడి సంగతి అది. ఆ పేజీని "మన కోసం" అని రాసి వేరే ఫైల్లో పెట్టాం. ఆడిట్‌కి వచ్చినవాళ్లు అడిగితే తప్ప బయటికి తీయం.