ముందు వరస కుర్చీ

ఎన్నికలొచ్చాయని మా విచారణలో, అంటే మా క్యాథలిక్ చర్చి పరిధిలో, ఎవరికీ టీవీ చెప్పక్కర్లేదు. ఆదివారం పూజకి గుడిలో బలిపీఠం ముందు తెల్ల తువ్వాలు కప్పిన కుర్చీ కనపడితే చాలు. మామూలప్పుడు అక్కడ ముసలమ్మలు చాప వేసుకుని కూర్చుంటారు. ఆ రోజు మాత్రం "కాస్త జరగండమ్మా" అంటారు. జరుగుతారు పాపం, అలవాటే.

2024లోనూ అంతే. పోలింగ్ మే 13, ఫాతిమా మాత పండుగ రోజు. దానికి కొన్ని వారాల ముందే అభ్యర్థి గారు దిగారు. "ప్రచారానికి కాదు, ఆశీర్వాదానికి వచ్చా" అన్నారు. గుడిలో ప్రచారం చెయ్యకూడదని ఎన్నికల నియమావళి చెబుతోంది కదా, ఆయన నియమం తప్పే మనిషి కాదు. గుర్తు కండువా మీదుంది, కండువాకి నోరుండదు.

సత్ప్రసాదం వేళ, అంటే ఫాదర్ గారు దివ్య అప్పం పంచేటప్పుడు, వరసలో నిలబడ్డారు. వెనక పన్నెండు మంది అనుచరులు. లెక్కపెట్టాను. అందులో క్రీస్తుని పట్టిచ్చిన యూదా ఎవరా అని చూస్తే, వారం తిరక్కుండానే ఇద్దరు తేలారు. ఆయన తీర్థానికి పట్టినట్టు దోసిలి పట్టారు. ఫాదర్ గారు నుదుట సిలువ గుర్తు వేసి పంపబోయారు. కదల్లేదు.

"ఫాదర్, ప్రసాదం?"

"జ్ఞానస్నానం పొందినవారికేనండీ."

"పర్లేదండీ, నాకు అన్ని మతాలూ ఒకటే."

వెనక నుంచి అనుచరుడు: "అన్నకి రెండివ్వండి ఫాదర్, వదిన గారు కార్లో ఉన్నారు!"

మాకు మతపాఠాలు చెప్పే ఉపదేశి గారు గొంతెత్తి పాట అందుకోబట్టి పరువు దక్కింది.

తర్వాత ప్రహరీ గోడ వాగ్దానం. ఒక్కో ఎన్నికకి ఒక్కో వైపు లేచిన గోడ అది. ఉత్తరం వైపు ఇంకా బర్రెలొస్తున్నాయి. అదీ కట్టేస్తే మళ్లీ ఎవరూ గుమ్మం తొక్కరని మా పెద్దల భయం.

ఇక మనస్సాక్షి. దాన్ని బట్టి ఓటేయమని పీఠం మీంచి చదివారు, అందరం తలూపాం. సాయంత్రం కవర్లొచ్చాయి. ఒకరి దగ్గర తీసుకుని రెండోవారిని కాదంటే పక్షపాతం కదా, అందుకని రెండూ తీసుకున్నాం. చావైన పాపానికి, అంటే ఆత్మని చంపే ఘోర పాపానికి, విషయం పెద్దదై ఉండాలి, పూర్తి తెలివి, పూర్తి సమ్మతి ఉండాలని జ్ఞానోపదేశంలో నేర్పారు. మూడూ ఉన్నాయి. మా వీధి అవ్వ జపమాల పట్టుకుని ఇద్దరికీ ఒట్టేసి, ఓటెవరికని ఫాదర్ గారిని నిలదీసింది. తప్పుడు ఒట్టు కట్టదమ్మా అంటే, "మరి డబ్బు?" అంది.

ఆ అవ్వ గుడిలో మరియమ్మ. సర్టిఫికెట్లో ఇంకో పేరు. ఎందుకో ముందు వరస కుర్చీలో కూర్చున్నవాళ్లకి తెలీదా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. దళిత క్రైస్తవులమైన మమ్మల్ని కలపలేదు. సిలువ పట్టుకుంటే అంటరానితనం పోయిందట! పోయుంటే మా పేట ఊరి చివర ఎందుకుంది? 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోని గారు పోపుని ఎన్నుకునే కార్డినల్స్‌లో తొలి దళితుడయ్యారు. ఆయన దళితుడని రోముకి తెలుసు, ఢిల్లీ కాగితానికే తెలీదు. 2023లో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మమ్మల్నీ ఎస్సీల్లో కలపమని తీర్మానం చేసి పంపింది. పంపి చేతులు కడుక్కుంది. సిగ్గులేకుండా మళ్లీ మా పీఠం ముందే దోసిలి పడతారు!

పూజయ్యాక ఉపదేశి గారు ఆ మాటే అడిగారు. అభ్యర్థి గారు గంభీరంగా తలూపారు.

"అది కేంద్రం చేతిలో ఉందండీ. ఇంతకీ ఉత్తరం గోడ ఎన్నడుగులన్నారు?"