కథానాయకుడు వెధవ అయితే నాకేమీ అభ్యంతరం లేదు

కథానాయకుడు మంచివాడుగానే ఉండాలన్న పట్టుదల నాకు ఎప్పుడూ లేదు. సోమరి అయినా, అబద్ధాలకోరు అయినా, ఊరంతా అప్పులు చేసి ముఖం చాటేసేవాడైనా సరే, రెండున్నర గంటలు హాయిగా కూర్చుంటాను. గిరీశాన్ని మించిన జగత్కంత్రీ మనకు ఎవరున్నారు? 1897లో అచ్చయిన కన్యాశుల్కంలోని ఆ మనిషిని ఇప్పటికీ ముద్దు చేసుకుంటూనే ఉన్నాం. కాబట్టి ఈ సంక్రాంతికి అమలాపురంలో చూసిన నవ్వుల సినిమా మీద నా కోపం, అందులో కథానాయకుడు వెధవ అయినందుకు కాదు. వాడు వెధవ అన్న సంగతి సినిమా తీసినవాళ్ళకు తెలియనందుకు.

కథ పెద్దగా లేదు. కొబ్బరితోటలున్న కామందు కొడుకు, పనీపాటా లేదు, ఊళ్ళో అందరినీ ఏడిపిస్తుంటాడు, ఒక టీచరమ్మ వద్దన్నకొద్దీ వెంటపడుతుంటాడు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అదే జనాన్ని గోదావరి దాటించే పడవ మీద, టికెట్లు ఇచ్చే నత్తి మనిషి ఒకడుంటాడు. అతన్ని అనుకరించడమే మొదటి అరగంట హాస్యం. ఒకసారి అయితే సరే అనుకుందును. పంటు కనిపించినప్పుడల్లా అదే. వశిష్ఠ గోదావరి మీద పొద్దుటి వెలుగును అంత అందంగా పట్టిన కెమెరాకు ఆ మనిషి ముఖం చిన్నబోవడం మాత్రం కనిపించలేదు.

అసలు దారుణం కొబ్బరిచెట్టు సన్నివేశం. దింపు తీయడానికి, అంటే కొబ్బరికాయలు కోసి దించడానికి, ఒకాయన నిచ్చెన వేసుకుని చెట్టెక్కుతాడు. కథానాయకుడు ఆ నిచ్చెన లాగేసి, కింద నిలబడి ఫోనులో వీడియో తీస్తాడు. పైనున్నాయన ‘బాబుగారూ, పడిపోతానండీ’ అని వేడుకుంటుంటే వెనక డప్పులూ బూరలూ! మా వైపు దింపు కార్మికులు కాళ్ళకు బంధం వేసుకుని ఎగబాకుతారు. నిచ్చెన లాగేస్తే చిక్కుపడిపోయే రకం కాదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఒక పూట నిలబడి ఎవరిని అడిగినా చెప్పేవారు. అది పోనివ్వండి. మా తోటలో దింపు తీసే ఆయన చొక్కా విప్పితే గుండెల మీదా, ముంజేతుల లోపలి వైపూ చర్మం నల్లగా కాయలు కాసి, ఎక్కీ ఎక్కీ ఆ మానే ఒంటికి అంటుకున్నట్టు ఉంటుంది. వానపడితే మాను జారుతుంది. పట్టు తప్పితే నడుము విరిగి మంచాన పడటమే. హాల్లో ముందు వరుసల కుర్రాళ్ళు మొదట ఈలలు వేశారు, తరవాత ఈలలూ ఆగిపోయాయి. వాళ్ళలో ఎందరి నాన్నలు చెట్లెక్కుతారో దర్శకుడికి ఏం తెలుసు?

గోదావరి వెటకారం అంటారు కదా, దానికీ ఒక మర్యాద ఉంది. అరుగు మీది పెద్దమనిషి ఒక చురక వేస్తే, పాలు పోసే కుర్రాడు నవ్వుతూనే రెండు అంటించి పోతాడు. పెద్దమనిషి కిక్కురుమనకూడదు. అదే ఆట. ఈ సినిమాలో ఎదుటివాడికి నోరే లేదు.

నరసాపురంలో పుట్టిన జంధ్యాలకు ఆ ఆట బాగా తెలుసు. 1987లో వచ్చిన అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పరమ పిసినారి. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అలాంటి వియ్యంకుణ్ణి పగవాడికి కూడా కోరుకోం. అయినా నవ్వుతాం. ఎందుకంటే ఇంట్లో పనివాడు అరగుండు, అదే మన బ్రహ్మానందం, ఆ లక్ష్మీపతిని తిట్టిపోస్తూనే ఉంటాడు. పిల్లను చేసుకోవాలని వచ్చినవాడు అంతకంటే పెద్ద పిసినారి వేషం కట్టి నెత్తికెక్కుతాడు. అంతకు ముందు ఏడాది వంశీ తీసిన లేడీస్ టైలర్‌లో రాజేంద్రప్రసాద్ కూడా ఉత్తముడేమీ కాదు. పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి దొరికితే దశ తిరుగుతుందని అడ్డమైన కోతలూ కోస్తాడు. ఇప్పుడు చూస్తే ముఖం చిట్లించుకునే చోట్లు అందులోనూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ సుందరం వేసిన ఎత్తులు అతని మెడకే చుట్టుకుంటాయి.

నవ్వుల సినిమాలో తర్కం వెతకకూడదని మా బావ వాదన. తర్కం ఎవరడిగారు బావా? నవ్వే అడిగాను. టికెట్టు డబ్బులు దానికే ఇచ్చాను.

చివరి పది నిమిషాల్లో తండ్రికి గుండెపోటు వస్తుంది. వెంటనే మనవాడు గోదావరి గట్టు మీద నిలబడి ఊపిరి తిప్పుకోకుండా ఉపన్యాసం ఇస్తాడు. టీచరమ్మ కరిగిపోతుంది, ఊరు క్షమించేస్తుంది. పెళ్ళి విందులో పనసపొట్టు కూర, పూతరేకులు, బారెడు అరటాకులు, అన్నీ చూపించారు. ఆ బంతిలో చెట్టెక్కినాయన లేడు, పంటు మీది మనిషీ లేడు. వాళ్ళ క్షమాపణతో పని లేదనుకున్నారో, అసలు గుర్తే లేరో.

పైగా రెండో భాగం ఉందట, తెర మీద వేశారు. అయితే ఈసారి ఆ కామందు కొడుకును కొబ్బరిచెట్టు ఎక్కించి, కింద దింపు తీసే ఆయన చేతికి ఫోను ఇవ్వండి. మా బావ టికెట్టు కూడా నేనే కొంటాను.