సొమ్ము ట్రాజన్‌ది, సోకు కాన్‌స్టంటైన్‌ది

మా బావమరిది ఇటలీ వెళ్లొచ్చాడు. వెళ్లొచ్చినవాడు ఊరుకోవచ్చు కదా, ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టాడు. వెనకాల రోమ్‌లో కొలోసియం పక్కనున్న, రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ విజయ తోరణం, ముందు నల్ల కళ్లద్దాలతో వీడు. "చూశావా బావా, ఇంత పెద్దది మూడంటే మూడేళ్లలో లేపాడు కాన్‌స్టంటైన్. అదీ రోమన్ టెక్నాలజీ అంటే!" కింద దండాల బొమ్మలు, చప్పట్లు, మా అత్తగారి గులాబీ పువ్వు ఒకటి. నేను జవాబు మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాను, ఎందుకంటే వాడి అక్క మా ఇంట్లోనే ఉంటుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మూడేళ్ల లెక్క కరెక్టే. 312 అక్టోబరు 28న మిల్వియన్ వంతెన దగ్గర కాన్‌స్టంటైన్ చేతిలో ఓడి, అతని పోటీదారు మాక్సెంటియస్ టైబర్ నదిలో మునిగి చచ్చాడు, 315లో తోరణం సిద్ధం. ఇరవయ్యొక్క మీటర్ల ఎత్తు, మూడు ద్వారాలు. పైన అంకితం రాయించింది సెనేట్. నిన్నటిదాకా మాక్సెంటియస్ ముందు చేతులు కట్టుకున్న అదే సెనేట్, పోయినవాడి పేరు కూడా రాయకుండా "నియంత" అని సరిపెట్టేసి, గెలిచినవాడికి తోరణం కట్టింది. ఎక్కడో చూసినట్టుంది కదా. నేనేమీ అనడం లేదు.

ఇక ఆ మూడేళ్ల రహస్యం. స్తంభాల మీద నిలబడ్డ ఎనిమిది మంది డేసియన్ బందీలు, రెండొందల ఏళ్ల ముందు వాళ్ల దేశాన్ని ఓడించిన ట్రాజన్ చక్రవర్తి కాలం వాళ్లు. లోపలి గోడల మీదా పక్కలా ఉన్న పెద్ద యుద్ధ దృశ్యం కూడా ట్రాజన్‌దే, నాలుగు ముక్కలు కోసి అతికించారు. గుండ్రటి ఫలకాలు ఎనిమిది, హేడ్రియన్‌వి. పైన పలకలు ఎనిమిది, మార్కస్ అరీలియస్‌వి. వీళ్లూ ముందటి చక్రవర్తులే. పెళ్లికి గుండిగలు పక్కింటివి, షామియానా ఎదురింటివాళ్లది, కార్డు మీద పేరు మాత్రం మనది. ఇంత తెచ్చుకున్నాక మూడేళ్లు పట్టిందంటే, నిజానికి అది ఆలస్యం కిందే లెక్క.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఆ గుండ్రటి ఫలకాలు. హేడ్రియన్‌కి వేట పిచ్చి. ఎలుగుబంటి, అడవిపంది, సింహం, అన్నీ ఉన్నాయి అందులో. ఆ మొహాన్ని కాన్‌స్టంటైన్ మొహంగా మార్చి చెక్కాలి. ఒక్క చిక్కేమిటంటే, చక్రవర్తుల్లో నిండు గడ్డం ఫ్యాషన్ మొదలుపెట్టినవాడు ఆయన. కాన్‌స్టంటైన్ చూస్తే నున్నగా గీయించుకున్న మనిషి. పరంజా మీద ఆ రోజు ఏం జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. "అయ్యా, ఈయనకి గడ్డం ఉందండి." "గీకెయ్." "గీకితే మొహం చిన్నదైపోతుందండి, రాయి మళ్లీ మొలవదు కదా." "చిన్నదైతే అయింది, దొరగారికి కుర్రతనం వస్తుంది." "మరి ఒళ్లు?" "ఒళ్లు ఎవడు చూస్తాడ్రా." అలా ఉలి పట్టుకున్నవాడు మంగలి అయ్యాడు. దాదాపు నూట ఎనభై ఏళ్ల కింద హేడ్రియన్ వేటాడిన పందిని కాన్‌స్టంటైన్ గుర్రం ఎక్కకుండానే కొట్టేశాడు. ఇంకోవైపు ఫలకాల్లో పాత రోమన్ దేవతలకి బలి ఇస్తున్నాడు కూడా, మొట్టమొదటి క్రైస్తవ చక్రవర్తి అని మనం బళ్లో చదువుకున్నాయన. శాసనంలో మాత్రం "దైవ ప్రేరణతో" అని ఉంది. ఏ దైవమో రాయలేదు, తెలివి.

పాపం ఆయనొక్కడినే అనకూడదు, తలలు మార్చడం అక్కడ కుటీర పరిశ్రమ. నీరో చక్రవర్తి ముప్పై మీటర్ల కంచు విగ్రహం చేయించుకున్నాడు, చేసిన శిల్పి జెనొడోరస్. నీరో పోయాక చక్రవర్తి అయిన వెస్పాసియన్ దాన్ని సూర్యదేవుడన్నాడు. హేడ్రియన్ ఇరవై నాలుగు ఏనుగుల్ని కట్టి పక్కకి లాగించాడు. కొమొడస్ వచ్చి తల తీసేసి తన తల పెట్టించాడు, వాణ్ణి చంపాక మళ్లీ సూర్యుడే. ఏనుగులకి మాత్రం ఎవడి తలైనా బరువు ఒకటే.

అయితే కాన్‌స్టంటైన్ సొంతంగా ఏమీ చెక్కించలేదా అంటే, చెక్కించాడు. సన్నటి పట్టీ ఒకటి ఉంది, యుద్ధం, ప్రసంగం, డబ్బులు పంచడం. పొట్టి కాళ్లు, పెద్ద తలలు, గ్రూపు ఫొటోలో నిలబెట్టినట్టు జనం అందరూ ఒకే వరస. ఇది పతనం కాదు, కొత్త శైలి అని ఇప్పటి పండితులు అంటారు. అననివ్వండి. 1519 ప్రాంతంలో పోపు లియోకి రాసిన ఉత్తరంలో ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ ఈ తోరణం కట్టడం బాగుందన్నాడు, ట్రాజన్ కాలపు శిల్పాలు అద్భుతమన్నాడు, కాన్‌స్టంటైన్ కాలపువి మాత్రం శుద్ధ తెలివితక్కువగా ఉన్నాయన్నాడు. నేను రఫాయెల్ పార్టీ.

ఇంతలో వాడి ఇంకో మెసేజ్. అవన్నీ పాత శిల్పాలని ఎవరో చెప్పారట. "పాతవి వాడితే తప్పేంటి బావా, రీసైక్లింగే కదా!"

రీసైక్లింగా? అదే ఉత్తరంలో రఫాయెల్ ఇంకో మాట కూడా రాశాడు: ఈ కొత్త రోమ్ మొత్తం పాత పాలరాళ్లు కాల్చిన సున్నంతో కట్టిందే అని. పాలరాయిని బట్టీలో పెడితే సున్నం అవుతుంది. అంతే దాని కథ. ఎవడో పేరు తెలియనివాడు నెలల తరబడి కూర్చుని చెక్కిన చెయ్యి, చెవి వెనక జుట్టు మెలిక, ఓడిపోయినవాడి కళ్లల్లో ఏడుపు, అన్నీ పగలగొట్టి బట్టీలో పోసి గోడలకి పూశారు. వందల ఏళ్లు పూశారు! అది చేసింది ఏ అనాగరికులో కాదు, కళ అంటే ప్రాణం పెట్టామని చెప్పుకున్నవాళ్లే. రఫాయెల్‌కి సైతం 1515లో అదే పోపు ఇచ్చిన పని, సెయింట్ పీటర్స్ చర్చి కోసం పాత రాళ్లు సమకూర్చడం. దానికి రీసైక్లింగ్ అని ముద్దు పేరు పెడతావురా!

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

వాడి వీడియోలో తలవంచి నిలబడ్డ బందీల్ని చూసి మా అత్తగారు "ఆ కాలం మొహాల్లో ఎంత కళ!" అని రాశారు. ఆ తలలు 1534లో లొరెంజినో దె మెదిచి అనే కుర్రాడు పగలగొట్టేశాడు, ఇప్పుడున్నవి పద్దెనిమిదో శతాబ్దంలో పియెత్రో బ్రాచి చెక్కి పెట్టినవి. ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు.

నిన్న వాడే పాంథియన్ ఫొటో పెట్టాడు. "అగ్రిప్ప కట్టించిన గుడి, పైన పేరు చూడు బావా." ఈసారి తప్పు వాడిది కాదు. పైన అగస్టస్ చక్రవర్తి సేనాపతి అగ్రిప్ప పేరే ఉంది, 1890లలో ఇటుకల మీద బట్టీ ముద్రలు చూసేదాకా పండితులూ అదే నమ్మారు. నలభై మూడు మీటర్ల ఆ గుమ్మటం లేచింది హేడ్రియన్ కాలంలో. ఆయన తన పేరు వేసుకోకుండా, ఎప్పుడో పోయిన అగ్రిప్ప పేరే అలాగే ఉంచాడు. తోరణం మీద గడ్డం గీకించుకున్నది ఈయనే.

ఫొటోకి లైక్ కొట్టాను.