రెఫరెన్సుల గడికి ఒక విన్నపం

మహారాజశ్రీ, ఉద్యోగ దరఖాస్తు ఆఖరి పేజీలో వేంచేసిన రెఫరెన్సుల గడి గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరు అడిగేది చిన్న విషయమే: పాత మేనేజర్లు ఇద్దరి పేర్లు, హోదాలు, ఫోను నంబర్లు, కంపెనీ మెయిల్ చిరునామాలు. నేను ఏ పెద్దమనిషి వల్ల ఉద్యోగం మానేశానో ఆయన్నే నా గురించి అడుగుతానంటారు. వేరు కాపురం పెట్టినందుకు అలిగిన అత్తగారి దగ్గరికి కోడలి గుణగణాలు కనుక్కోవడానికి వెళ్లినట్టుంది.

ఆయన నన్ను తిట్టరు. తిట్టడం రాక కాదు, ఆ విద్య మా విభాగమంతా రుచి చూసింది. ఫోనులో మాత్రం మహా మర్యాద. పనితీరు? "పరవాలేదు." క్రమశిక్షణ? "ఉండేది." అవకాశం వస్తే మళ్లీ తీసుకుంటారా? ఇక్కడ గొంతు సవరించుకుంటారు. ఆ దగ్గుకు వెరిఫికేషన్ ఏజెన్సీవారు నివేదికలో ఆకుపచ్చ రంగు వేస్తారో, పసుపు వేస్తారో, ఎరుపే వేస్తారో తమరికే ఎరుక.

రెండో మేనేజర్ మంచివారు. కాబట్టే ఆయనా ఆ కంపెనీలో నిలవలేదు. వదిలేసిన మనిషికి కంపెనీ మెయిల్ ఎక్కడిది? జీమెయిల్ ఇస్తే తమరికి చెల్లదు. అదే డబ్బు తీసుకుని అనుభవ పత్రాలు అచ్చువేసే డొల్ల కంపెనీల "మేనేజర్లకు" కంపెనీ మెయిళ్లు నిక్షేపంగా ఉంటాయి, మొదటి రింగుకే ఫోను ఎత్తుతారు. తమరి పరీక్షలో ఫస్టు మార్కు వాళ్లదే.

నేను ఎక్కడ పనిచేశానన్నదే తమరి అనుమానమైతే, భవిష్య నిధి (పీఎఫ్) సంస్థ 2014 నుంచి ఇస్తున్న 12 అంకెల సార్వత్రిక ఖాతా సంఖ్య, యూఏఎన్, ఉంది. ఎప్పుడు ఎక్కడ చేరానో, ఎప్పుడు మానానో దాని సర్వీసు చరిత్రలో కనిపిస్తుంది. జీతంలో పన్ను కోసిన యజమాని పేరు ఆదాయపు పన్ను శాఖవారి పత్రం 26ఏఎస్‌లో ఉంటుంది. పైగా ఉద్యోగం మానేసిన తేదీని ఉద్యోగే నమోదు చేసుకునే వీలు 2020లో వచ్చింది. భవిష్య నిధివారే (వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు) నా మాట నమ్ముతుంటే తమరికేం బాధ?

పనితనం కాగితాల్లో కనిపించదంటారా? ఒప్పుకున్నాను. అయితే పని చూసినవాళ్లను అడగండి. పక్క టీము సీనియరు పేరు, సర్వరు పడిపోయిన రాత్రుల్లో నాతోపాటు మేలుకున్న క్లయింటు పేరు ఇచ్చాను. పాత మేనేజర్‌తో నాకు పొసగలేదని హెచ్‌ఆర్ వారికి ముందే చెప్పి, ఆయన సంతకమున్న అప్రైజల్ పత్రం జతచేశాను. "అంచనాలను మించి పనిచేశారు" అని అందులో ఉంది. నేను జీతం పెంచమని అడగకముందు రాసింది లెండి.

ప్రస్తుత ఆఫీసుకు మాత్రం ఆఫరు నా చేతికి రాకముందే ఫోను చేయకండి. నోటీసు గడువు మూడు నెలలు. వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చోవాల్సింది నేను.

చివరిగా, తమరి పక్కన నాకూ ఒక గడి ఇప్పించండి. నేను చేరబోయే మేనేజర్ కింద పనిచేసి వెళ్లిపోయిన ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు కావాలి. కంపెనీ మెయిల్ అక్కర్లేదు, జీమెయిల్ చాలు.

ఇట్లు,
తమ విధేయుడైన అభ్యర్థి