స్టాల్‌లో మిర్చి గురించి అడగండి

విజయవాడ అనలిటికల్ కెమిస్ట్రీ సదస్సు, పరికరాల ప్రదర్శన గురించిన ఒక వ్యాసంలో ‘పురుగుమందు అవశేషాలను బిలియన్‌లో ఒక వంతు దాకా పట్టే యంత్రాలు’ అన్నారు. నిజమే. కానీ డెమోల్లో సాధారణంగా నడిపేది శుభ్రమైన సాల్వెంట్‌లో (ద్రావకంలో) కలిపిన స్టాండర్డు, అంటే మందు ఎంతుందో ముందే తెలిసిన నమూనా. గుంటూరు ఎండుమిర్చి సంగతి వేరు.

సరుకులోంచి అవశేషాల్ని బయటికి లాగే క్వెచర్స్ పద్ధతిలో 2 గ్రాముల కారప్పొడిని ముందు 10 మి.లీ. నీళ్లలో అరగంట నాననివ్వాలి. పొడిగా ఉంటే మందును లాగే ద్రావకం అసిటోనైట్రైల్ లోపలికి దిగక రికవరీ (ఉన్న మందులో బయటికొచ్చే శాతం) పడిపోతుంది. తర్వాత 10 మి.లీ. అసిటోనైట్రైల్, 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 1 గ్రాము ఉప్పు, సిట్రేట్ లవణాలు. అవి పడగానే ట్యూబు వేడెక్కుతుంది. వెంటనే గట్టిగా కుదపకపోతే అడుగున రాయిలా గడ్డకడుతుంది.

అసలు చిక్కంతా ఎరుపు రంగుతోనే. దాన్ని తీయడానికి రంగుని పీల్చే గ్రాఫైటైజ్డ్ కార్బన్ పొడి ఎక్కువేస్తే థయాబెండజోల్, హెక్సాక్లోరోబెంజీన్ లాంటి మందుల చదునైన అణువులూ దానికే అంటుకుపోతాయి. రిపోర్టులో ‘లేదు’ అని వస్తుంది, సరుకులో మాత్రం ఉంటుంది! తక్కువేస్తే మిగిలిన రంగు, నూనె అణువుల్ని బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో సిగ్నల్‌ని అణిచేస్తాయి. అందుకే కాలిబ్రేషన్ (ఎంత మందుకి ఎంత సిగ్నలో సరిచూసుకోవడం) కూడా అవశేషాల్లేని మిర్చి ఎక్స్‌ట్రాక్ట్‌లోనే చేయాలి.

స్టాల్‌కి వెళ్లేవాళ్లు బ్రోచర్ పక్కనపెట్టి, కిలో మిర్చికి 10 మైక్రోగ్రాముల లెక్కన మందు కలిపితే రికవరీ ఎంతొస్తుందో అడగండి. 70–120 శాతం మధ్య రావాలి, ఐదుసార్లు చేస్తే ఆర్‌ఎస్‌డీ (ఫలితాలు ఒకదానికొకటి ఎంత తేడాగా వచ్చాయో చెప్పే లెక్క) 20 శాతం దాటకూడదు.